తాతయ్య వేసిన నీలం రంగు

మా తాతయ్య కారు ఫ్యాక్టరీలోంచి బూడిద రంగుతో బయటికొచ్చిందని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. మా ఇంట్లో ఎవరిని అడిగినా అది నీలం కారే. అమ్మకి ఊహ తెలిసేసరికే నీలం, నేను పుట్టేసరికి వెలిసిన నీలం, తాతయ్య పోయి కారు నా పేరు మీదకి వచ్చేసరికి దుమ్ము కింద ఎక్కడో నీలం.

అది 1958 నాటి మోరిస్ మైనర్. కాగితాలు నా పేరుకి మారాక (ఆ పని ముందు చేసుకోండి, వారసత్వం లెక్క తేలకుండా ఒక్క నట్టు కూడా విప్పొద్దు) ఛాసిస్ నంబరు రాసి ఇంగ్లండులో గేడన్ అనే చోట ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియానికి పంపాను. పాత బ్రిటిష్ కార్ల ఫ్యాక్టరీ రికార్డులు వాళ్ల దగ్గర ఉంటాయి, మన కారు ఎప్పుడు తయారైందో, ఏ రంగులో తయారైందో చూసి సర్టిఫికెట్ ఇస్తారు. వచ్చిన కాగితంలో రంగు దగ్గర ‘క్లారెండన్ గ్రే’ అని ఉంది. రెండుసార్లు చదివి, వెళ్లి కారు చూశాను. డ్రైవర్ వైపు కిటికీ అంచు మీద తాతయ్య మోచెయ్యి ఆనించేవారు. అక్కడ నీలం అరిగి కింద బూడిద రంగు కనిపిస్తుంది, ఆ బూడిద రంగు నడుమ ఇంకా అరిగి ఇనుము మెరుస్తుంది, అంతా కలిపి అరచెయ్యంత మేర. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, అది ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే అడుగు పూత) అనుకునేవాణ్ణి. ఏటవాలు ఎండలో చూస్తే బానెట్ మీద బ్రష్షు గీతలు కూడా కనిపిస్తాయి. అంటే నీలం ఆయన స్వయంగా, చేత్తో వేసుకున్నది.

అన్నయ్యకి ఆ సర్టిఫికెట్ ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "అయితే గ్రేనే వేయిద్దాంరా. ఒరిజినల్ అదేగా!"

ఆ ఒక్క మాట మీద మేమిద్దరం దాదాపు ఏడాది వాదించుకున్నాం. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఆ ఏడాదిలో కారుతో నేను చేసిన పనులు, చేసిన ఒక తప్పు, వాటి వల్ల నాకు గట్టిపడిన అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే తాతదో అమ్మమ్మదో పాత కారు చేతికొచ్చిన ప్రతి ఒక్కరూ ఈ ‘ఒరిజినల్’ అన్న మాట దగ్గర ఒకసారి నిలబడాల్సి వస్తుంది. మెకానిక్ అంటాడు, విడిభాగాలు అమ్మేవాళ్లు అంటారు, చుట్టాలు అంటారు. అందరూ ఆ మాటని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుకి అంటగడతారు. నా లెక్క వేరు. వారసత్వంగా వచ్చిన కారుకి ఒరిజినల్ అంటే, దాన్ని మనకి వదిలిన మనిషి చివరిసారి తాళం తీసి జేబులో వేసుకున్న రోజు. ఆ రోజు కారు ఎలా ఉందో అదే మన కొలబద్ద. షోరూములో ఉన్న మోరిస్ మైనర్లన్నీ ఒకేలా ఉండి ఉంటాయి, ఆయన దగ్గర ముప్పై నలభై ఏళ్లు ఉన్నాకే ఇది మా తాతయ్య కారు అయింది.

అసలు ఆ ఫ్యాక్టరీ కారు కూడా అతుకు లేని వస్తువేమీ కాదు. మోరిస్ మైనర్‌ని డిజైన్ చేసింది అలెక్ ఇసిగోనిస్, తర్వాత 1959లో మినీ చేసింది కూడా ఆయనే. 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో మైనర్ జనం ముందుకొచ్చింది. రావడానికి కొద్దికాలం ముందు నమూనా కారు చూసి, సన్నగా ఉంది, ఒడ్డూ పొడుగూ కుదరలేదు అనిపించి, నిలువునా రెండు ముక్కలుగా కోయించి, ఆ ముక్కల్ని జరిపి జరిపి చూసి, నాలుగు అంగుళాలు వెడల్పు పెంచారు. అప్పటికే బంపర్లు తయారైపోయాయి కాబట్టి మొదటి కార్లకి వాటిని మధ్యకి కోసి నడుమ ఒక ముక్క అతికించారు. బానెట్ మధ్యలో పైనుంచి కిందికి ఒక బల్లపరుపు పట్టీ ఉంటుంది చూడండి, అది ఆ నాలుగు అంగుళాల గుర్తే. 16 లక్షలకి పైగా కార్లు ఆ అతుకుతోనే అమ్ముడుపోయాయి, బ్రిటన్‌లో 10 లక్షలు దాటిన మొదటి కారు అదే. దిద్దుబాటుని దాచకుండా వదిలేసిన కారుని మనం తీసుకెళ్లి దిద్దుబాట్లేవీ కనపడకుండా చేయించాలనుకోవడం నాకు వింతగా తోస్తుంది.

సరే, పని సంగతి. పాత కారు చేతికి రాగానే చాలామంది చేసేది మొత్తం విప్పేయడం. ఒక ఆదివారం ఉత్సాహంగా మొదలుపెట్టి సీట్లు, అద్దాలు, తలుపులు, డాష్‌బోర్డు, అన్నీ పీకి డబ్బాల్లో సర్దుతారు. రెండు నెలలకి ఏ బోల్టు ఎక్కడిదో మరిచిపోతారు. అలా డబ్బాల్లోనే మిగిలిపోయిన కార్లు నేను మూడు చూశాను, మూడూ వారసత్వంగా వచ్చినవే, మూడూ చివరికి ముక్కలుగానే అమ్ముడుపోయాయి. అందుకని నా సలహా, విప్పకండి. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఫొటోలు తీయండి, ఎన్ని తీస్తే అన్ని, తలుపుల అంచులు, సీట్ల కింద, డిక్కీ మూలలు, ఏదీ వదలకుండా (ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కాస్త ఆగితే తెలుస్తుంది). తర్వాత అది ఆగేలా చేయండి. ఆ తర్వాత కదిలేలా చేయండి. కొన్నాళ్లు నడిపాక కూడా ఏదైనా విప్పాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

ఆగేలా చేయడం ముందు అన్నాను, పొరపాటున కాదు. ఇంజన్ తిరిగిందన్న సంతోషంలో బ్రేకులు చూడకుండా కారు బయటికి తీసినవాళ్లున్నారు. మైనర్‌లో బ్రేక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల దాకా తోసేది) డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఛాసిస్ బీమ్ లోపల ఉంటుంది. కార్పెట్ ఎత్తి, చిన్న మూత తీస్తే గానీ అందులో ఆయిల్ ఎంతుందో తెలియదు. కనపడని చోట ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి అలా వదిలేస్తే సిలిండర్ లోపల తుప్పు పట్టి రబ్బరు సీళ్లు అతుక్కుపోతాయి. పైగా ఆ రోజుల్లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే ఆయిల్ సర్క్యూట్. ఒక్క పైపు కారితే పెడల్ నేలకి తగులుతుంది, చేతి బ్రేకు తప్ప ఇంకేమీ మిగలదు. సిలిండర్లు, పైపులు, హోసులు, షూలు, అన్నీ కొత్తవి వేశాను, ఇక్కడ ఒరిజినల్ గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పాత బ్రేక్ షూల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి ఎగరగొట్టొద్దు, తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి. టైర్లు కూడా అంతే, గాడులు ఎంత లోతుగా ఉన్నా వయసైపోయిన రబ్బరు పగులుతుంది. పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటే మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2000కి ముందువాటికి మూడంకెలే ఉంటాయి. మా కారు స్టెప్నీ మీద మూడంకెలే ఉన్నాయి.

వైరింగ్ కూడా మార్చాను. నూలు అల్లిన తొడుగుల వైర్లు, లోపల రబ్బరు ఎండి, వంచితే పెంకులు రాలుతోంది. కారు మొత్తానికి ఉన్నవి రెండే ఫ్యూజులు, బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన వైర్లకి ఏ ఫ్యూజూ అడ్డం ఉండదు, అవి ఎక్కడైనా బాడీకి తగిలితే మంట. అదే రంగుల పద్ధతిలో, అదే నూలు తొడుగుతో కొత్త వైరింగ్ తయారుగా దొరుకుతుంది, అది వేశాను. బ్యాటరీ కట్టే దగ్గర మాత్రం ఒక సంగతి జరిగింది. ఈ కార్లలో బాడీకి కలిసేది ప్లస్. ఇప్పటి కార్లన్నిటికీ తిరగేసి. సాయానికి వచ్చిన కుర్రాడు అలవాటు కొద్దీ మైనస్ తీసి బాడీకి బిగించబోయాడు. బ్యాటరీ పళ్లెం మీద ఎర్ర పెయింటుతో ఒక పెద్ద ప్లస్ గుర్తు, దాని పక్కన బాడీ వైపు చూపిస్తూ బాణం గుర్తు ఉన్నాయి. తాతయ్య వేసినవి. అది చూసి ఆగాడు. కొత్తగా కనిపించాలని ఆ పళ్లెం ముందే రుద్ది నల్ల రంగు కొట్టించి ఉంటే ఆ బాణం ఉండేది కాదు. అంత చిన్న విషయం, కానీ నా మనసు మారడం అక్కడే మొదలైందనుకుంటాను. ఈ కారు మీద ఆయన రాసినవన్నీ ఎవరో ఒకరు చదవాలనే రాశారు.

ఇంజన్ 948 సీసీ, 37 హార్స్‌పవర్. ఏళ్లుగా నిలబడిన ఇంజన్‌కి బ్యాటరీ కట్టి సెల్ఫ్ కొట్టడమంత పాపం ఇంకోటి లేదు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకి అంటుకుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీరుకుపోతాయి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పల్చటి ఆయిల్ పోసి, నాలుగైదు రోజులు దాన్ని మరిచిపోవాలి. నేను వారం ఆగాను. ఆ వారంలో ట్యాంకులో మిగిలిన పెట్రోల్ తీసేశాను, అది పెట్రోల్ వాసన వేయడం మానేసి వార్నిష్ వాసన వేస్తోంది, అడుగున బంక. రబ్బరు పైపులన్నీ మార్చాను, ఎందుకంటే ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు, ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. ఆ తర్వాత ప్లగ్గులు లేకుండానే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాను.

మైనర్‌కి హ్యాండిల్ ఉండటం నా అదృష్టం. నాకు ఎనిమిదేళ్లప్పుడు తాతయ్య హ్యాండిల్ పట్టుకోవడం నేర్పారు. కొట్టడం నేర్పలేదు, అంత బలం నాకు లేదు, పట్టుకోవడం మాత్రమే. బొటనవేలు మిగతా నాలుగు వేళ్లతో కలిపి ఒకవైపే పెట్టాలి, రాడ్డు చుట్టూ బిగించకూడదు. ఇంజన్ ఎదురు తన్నిందంటే హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరుగుతుంది, చుట్టిన బొటనవేలు విరుగుతుంది. కింది నుంచి పైకి లాగాలి, పైనుంచి కిందికి ఎప్పుడూ తొయ్యకూడదు. ఇన్నేళ్ల తర్వాత ఆ షెడ్డులో హ్యాండిల్ దూర్చి చేయి వేశాను, బొటనవేలు దానంతటదే ఇటువైపు వచ్చి కూర్చుంది. నేను గుర్తు చేసుకోలేదు. వేలికే గుర్తుంది. మొదట కదల్లేదు, తర్వాత జిగురుగా కదిలింది, మూడో చుట్టుకి నాలుగు సిలిండర్లూ ఊపిరి తీసుకున్నట్టు చప్పుడు చేశాయి.

ఇగ్నిషన్ తిప్పగానే మైనర్‌లో మొదట వినపడేది ఇంజన్ కాదు, ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు. టిక్ టిక్ టిక్ అని వేగంగా మొదలై, కార్బొరేటర్ గిన్నె నిండగానే నెమ్మదించి ఆగిపోతుంది. ఆ ఆగడం వినే తాతయ్య సెల్ఫ్ లాగేవారు. పంపులోని పాయింట్లు పట్టేస్తే టిక్ రాదు, అప్పుడు పానా వెనక భాగంతో దాని మీద చిన్నగా రెండు దెబ్బలు. పంపు ఒంటి మీద అలా తగిలిన చిన్న చిన్న సొట్టలు ఒక పదిహేను ఉంటాయి. కొత్త పంపు దొరుకుతుంది, ఎలక్ట్రానిక్‌ది, పట్టేయడం అన్న సమస్యే ఉండదు. నేను పాతదాన్నే విప్పి, పాయింట్లు, డయాఫ్రమ్ మార్చి మళ్లీ బిగించాను. సొట్టలు ఉన్నాయి.

సీసం సంగతి కూడా చెప్పాలి. ఈ ఇంజన్లు సీసం కలిసిన పెట్రోల్ కోసం చేసినవి. ఎగ్జాస్ట్ వాల్వు వచ్చి కూర్చునే చోట సీసం పల్చటి పొరలా ఏర్పడి, వేడికి ఇనుము అరగకుండా కాపాడేది. ఆ సీసమే పిల్లల మెదళ్లకి విషమని తేలాక ఒక్కో దేశం దాన్ని మానేసింది, అందరికంటే చివర 2021లో అల్జీరియా మానేసింది. మంచి జరిగింది. తాతయ్య జీవితంలో ఎక్కువ భాగం ఆ పొగలోనే కారు నడిపారు, మేం వెనక సీట్లో కూర్చుని పీల్చాం. ఇప్పుడు సీసం లేని పెట్రోల్‌తో వాల్వు సీట్లు మెల్లగా లోపలికి దిగిపోతాయి కాబట్టి హెడ్ దింపి, గట్టి సీట్లు వేయించాను. కారు ఇంకో ముప్పై ఏళ్లు తిరగాలంటే అది తప్పదు. దాన్ని ‘ఒరిజినల్ కాదు’ అని ఎవరైనా అంటే నాకు బాధేం లేదు.

ఇక ఆ తప్పు.

డ్రైవర్ తలుపు లోపలి అంచు మీద, తలుపు తీస్తేనే కనపడే చోట, పెన్సిల్‌తో అంకెలు ఉండేవి. 31,420. 32,390. 33,405. పక్కన ‘గ్రీ’ అని. మైలు మీటరు అంకె, గ్రీజు పెట్టిన గుర్తు. పై నుంచి కింది దాకా ఒక జానెడు పొడుగు వరస, కొన్ని వెలిసిపోయినవి, కొన్ని ఒకదాని మీద ఒకటి. మైనర్ ముందు చక్రాల దగ్గర కింది వైపు ట్రనియన్ అని మరలు కోసిన ఒక ముక్క ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చక్రం ఆ మరల మీదే తిరుగుతుంది. గ్రీజు లేకపోతే ఆ మరలు అరుగుతాయి, బాగా అరిగాక ఒకరోజు ఊడి, చక్రం లోపలికి మడుచుకుపోయి కారు ముందు మూల నేలకి తగులుతుంది. ఈ కారు తెలిసినవాళ్లంతా మొదట చూసేది అదే. మా కారుని జాకీ ఎక్కించి చూసిన పెద్ద మెకానిక్ గారు చక్రాన్ని పైకీ కిందికీ ఊపి, మళ్లీ ఊపి, "ఎవరో శ్రద్ధగా చూసుకున్నారు బాబూ, అసలు ఆట లేదు" అన్నారు. నేను తలుపు తీసి ఆ వరస చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకే చదివారు.

తర్వాత ఆ తలుపు కింది అంచు తుప్పు పట్టి ఉంటే వెల్డింగ్‌కి ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. బయటి రంగు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. లోపలి అంచు గురించి చెప్పలేదు. వాళ్లు మంచి పనివాళ్లు, వెల్డింగ్ చక్కగా చేశారు, చేసి, ఇంత పని చేశాం కదా అని లోపలంతా నున్నగా రుద్ది ప్రైమర్ కూడా కొట్టారు. తలుపు తెచ్చిన అబ్బాయి సంతోషంగా తిప్పి చూపించాడు, "చూడండి సార్, కొత్తదానిలా ఉంది." నిజంగానే కొత్తదానిలా ఉంది. అతన్ని ఏమని కోప్పడను? డబ్బిచ్చి, తలుపు తీసుకుని, ఇంటికి వచ్చి, చాలాసేపు దాన్ని గోడకి ఆనించి చూస్తూ కూర్చున్నాను. హింజుల కోసం తీసిన ఒక ఫొటోలో మూలన మూడు వరసలు పడ్డాయి. పైన రాసిన మూడు అంకెలు అందులోవే. మిగతావి పోయాయి.

ఫొటో ఉందిగా, అలాగే మళ్లీ రాసేయమని ఒకరిద్దరు చెప్పారు. రాయొచ్చు. ఆ మూడు అంకెలు అచ్చుగుద్దినట్టు రాయొచ్చు, మిగతావి అంచనా వేసి కూడా రాయొచ్చు. అప్పుడు అది నా చేతిరాత, ఆయనదని నేను చెప్పే అబద్ధం. పాత కట్టడాల సంరక్షణ మీద 1964లో వెనిస్‌లో ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి అని అందులో ఉంటుంది. అంతకు ముందే, 1877లో, ఇంగ్లండులో విలియం మోరిస్ అనే రచయిత, డిజైనర్, పాత చర్చీలని ‘బాగు చేస్తున్నాం’ అంటూ శతాబ్దాల పూతలన్నీ గీకేస్తుంటే చూడలేక దానికి ఎదురుగా ఒక సంఘమే పెట్టాడు. ఆ సంఘానికి ‘యాంటీ స్క్రేప్’ అన్న ముద్దుపేరు వచ్చింది, గీకుడు వద్దనేవాళ్లు అని. గీకకండి, రోజూ కాస్త కాస్త చూసుకోండి, కారే చోట ఆపండి, కూలే చోట ఆసరా పెట్టండి, ఇదే వాళ్లు చెప్పింది. మా కారు పేరులోని మోరిస్ కూడా విలియం మోరిసే, అయితే ఆయన వేరే, ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేస్తూ మొదలై 1913లో మొదటి కారు చేసినాయన. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఈ మోరిస్ కారుకి ఆ మోరిస్ మాటలు ఎంత బాగా సరిపోతాయో ఆ ప్రైమర్ కొట్టిన తలుపు చూశాకే నాకు అర్థమైంది.

అన్నయ్య వాదన బలమైనదే. దాన్ని తేలిగ్గా తీసేస్తే నా వాదనకి విలువ ఉండదు. వాడు అనేది ఇది: "తాతయ్య ఉండుంటే ఈ వెలిసిన రంగుతో తిరిగేవారా? ఎప్పుడో మళ్లీ వేసేవారు. కారు మెరుస్తూ ఉంటేనే ఆయనకి ఇష్టం. నువ్వు ఆయన్ని గౌరవిస్తున్నాననుకుని ఆయనకి నచ్చని పని చేస్తున్నావు." నిజమే, ఆయన ఉండుంటే వేసేవారు. వేసుంటే ఆ రంగుని నేను కాపాడేవాణ్ణి, ఎర్రటి ఎరుపు వేసినా సరే. ఆయన కారు, ఆయన చెయ్యి, ఎన్నిసార్లైనా మార్చుకునే హక్కు ఆయనకి ఉంది. ఇప్పుడు ఆయన ఇంకో పూత వేయలేరు. ఉన్న పూతని తీసేస్తే దాని కింద ఇంకో తాతయ్య దొరకరు. గ్రే వేస్తే తేలేది ఆయన కొనకముందు ఏ షోరూములోనో నిలబడిన కారు, దాన్ని మా ఇంట్లో ఎవరూ ఎరగరు, అమ్మ కూడా ఎరగదు.

అలాగని మేం ఏమీ చేయకూడదనీ నేను అనట్లేదు. బండి మన చేతికొచ్చాక మన అవసరాలూ దానికి కలుస్తాయి. సీటు బెల్టులు పెట్టించాను, వెనక ప్రకాశవంతమైన బ్రేక్ లైట్లు పెట్టించాను. కలిపినవి రేపు విప్పేసినా కారుకి మచ్చ పడని విధంగా, ఉన్న రంధ్రాలకే బిగించాను. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా వాళ్ల టురిన్ చార్టర్ కూడా దాదాపు ఇదే దారిలో మాట్లాడుతుంది: తప్పనిసరై ఏదైనా మారిస్తే అది వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని. కలపడానికి నేను పెద్దగా భయపడను. చెరపడానికి భయపడతాను.

దీనికి ఇంకో చివర ఉన్నవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2015లో పారిస్‌లో బాయోన్ కుటుంబపు కార్లు వేలం వేసినప్పుడు, ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ నడిపిన ఫెరారీని, దశాబ్దాల దుమ్ముతో సహా, తుడవకుండా ప్రదర్శించారు. అప్పటి నుంచి పాత కారు మీద దుమ్ముని కూడా పవిత్రంగా చూసే ధోరణి పెరిగింది. నాకు అది నచ్చదు. దుమ్ము ఎవరి గుర్తూ కాదు, ఎవరూ ముట్టుకోని కాలానికి గుర్తు. తాతయ్య ఆ కారుని ఏ రోజూ దుమ్ముతో ఉంచలేదు. నేను కడిగాను, మెత్తటి బట్టతో మైనం పట్టించాను, రబ్బింగ్ కాంపౌండ్ మాత్రం వాడలేదు, అది రంగుని గీకి మెరుపు తెస్తుంది, ఆ బ్రష్షు గీతలు ఇంకో రెండుసార్లకి మించి దాన్ని తట్టుకోవు.

తుప్పు దగ్గర నా సిద్ధాంతం ఆగిపోతుంది, ఆగాలి కూడా. మైనర్‌లో బాడీ, ఛాసిస్ వేరువేరుగా ఉండవు, బలమంతా బాడీలోనే. తలుపుల కింద ఉండే పెట్టెలాంటి సిల్స్, అడ్డంగా వెళ్లే క్రాస్‌మెంబర్, వెనక ప్లేటు స్ప్రింగులు పట్టుకునే చోటు, ఇవి పోతే కారు నడుం విరుగుతుంది. తుప్పు లోపలి నుంచి వస్తుంది, బయట రంగు మీద బఠాణీ గింజంత పొక్కు కనిపించేసరికి లోపల ఇనుము కాగితమై ఉంటుంది. పొక్కు మీద పుట్టీ పెట్టి రంగు కొడితే రెండేళ్లు అందంగా ఉంటుంది, ఆ రెండేళ్లూ అందులో మనుషులు ప్రయాణం చేస్తారు. కోయాల్సిందే. ఎడమ సిల్ మొత్తం, కుడి సిల్ సగం కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. కొత్త రేకు మీద లోపలి వైపు సంవత్సరం పంచ్ కొట్టించాను, నా తర్వాత విప్పేవాళ్లకి ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో తెలియాలి కదా. డ్రైవర్ కాళ్ల కింద ఒకచోట తాతయ్య అల్యూమినియం రేకు ముక్క పెట్టి నాలుగు రివిట్లు కొట్టి ఉన్నారు. దాని చుట్టూ ఇనుము పోయింది, ఉంచడానికి కుదరలేదు. తీసి, కడిగి, గుడ్డలో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాను. అది పెట్టడానికి నాకు మంచి కారణమేమీ లేదు, పారేయడానికి చేతులు రాలేదు.

ఇప్పుడు కారు తిరుగుతోంది. వేగంగా కాదు, ఎక్కువ దూరాలూ కాదు, వారానికి ఒకసారి తప్పకుండా. అన్నయ్య పోయిన నెల వచ్చి చూశాడు, ఆ మోచేతి మచ్చ మీద చెయ్యి పెట్టి చూశాడు, "అయినా ఒక పక్క తలుపన్నా వేయించరా" అన్నాడు. వేయించను.

1961 దాకా మైనర్లకి మెరిసే ఇండికేటర్ లైట్లు లేవు. తలుపుల మధ్య స్తంభంలోంచి ఒక చిన్న చెయ్యిలాంటిది పైకి లేచి, వెలిగి, ఎటు తిరుగుతున్నామో చూపించేది. ఇప్పటి రోడ్డు మీద ఆ చేతిని ఎవరూ గమనించరు కాబట్టి ముందూ వెనకా చిన్న మెరిసే లైట్లు అదనంగా పెట్టించాను. పాత చేతుల్ని తీసేయలేదు, రెండూ ఒకే స్విచ్చుకి పనిచేస్తాయి. కుడి చెయ్యి ఠక్కున లేస్తుంది. ఎడమది మాత్రం ఎప్పుడూ పట్టేస్తుంది. దాన్ని విప్పి నూనె వేసి సరిచేయాలని పనుల చీటీలో రాసుకున్నాను.

ఆ చీటీలో అది ఇంకా ఉండగానే అమ్మని మొదటిసారి కారులో ఎక్కించుకున్నాను. ముందు సీట్లో, నా పక్కన. మూడు నాలుగు వీధులు దాటేదాకా ఏమీ మాట్లాడలేదు, కిటికీలోంచి చూస్తోంది. ఎడమవైపు తిరగాల్సి వచ్చి స్విచ్చు వేశాను. చెయ్యి లేవలేదు. నేను ఏదో చెప్పబోయేలోగా, తల కూడా తిప్పకుండా, అమ్మ ఎడమ చేత్తో పిడికిలి బిగించి తన భుజం వెనకున్న స్తంభాన్ని ఒక్కసారి గుద్దింది. చెయ్యి లేచింది.